జుకినీకి వేళ తప్పితే

ఎడిసన్,
ఏప్రిల్ 14.

చి. ల. సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. మీ పెదనాన్న మోకాలి నొప్పి మామూలే, ఆయన సణుగుడూ మామూలే.

గృహప్రవేశం ఫొటోలన్నీ చూశాను. అందరూ పాలు పొంగిన గిన్నె చూసి మురిసిపోతుంటే నా కన్ను మాత్రం వంటింటి కిటికీలోంచి కనపడుతున్న ఖాళీ పెరటి మీద పడింది. ఎండ బాగానే వస్తున్నట్టుంది. మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, ఈ ఏడు జుకినీ వేస్తా, అందరూ సులువంటున్నారు" అన్నావు. సులువే. కానీ ఫోన్‌లో చెప్తే సగం నీకు వినపడుతుంది, సగం పిల్లల గోలలో కొట్టుకుపోతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఈ మొక్క పెద్దగా చాకిరీ అడగదు. వేళ అడుగుతుంది. విత్తనం పెట్టడానికో వేళ, పువ్వు కలపడానికో వేళ, కాయ కొయ్యడానికో వేళ, ఆఖరికి బాణలిలోంచి దించడానికీ ఓ వేళ. విత్తనం దగ్గర తొందరపడితే చెడుతుంది, మిగతా అన్నిచోట్లా ఆలస్యం చేస్తే చెడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న దానివి, ఇన్ని వేళలు నువ్వొక్కదానివే కనిపెట్టుకుని ఉండలేవు. ఇంట్లో ఎవరికి ఏ వేళ కుదురుతుందో చూసి పంచెయ్యి. మే నెలలో మీ అత్తగారూ మావగారూ విజయనగరం నుంచి వస్తున్నారన్నావు కదా, నా లెక్కంతా వాళ్ళ మీదే ఉంది. ఇక్కడికొచ్చిన పెద్దవాళ్ళు మూడో వారానికల్లా "ఈ ఊళ్ళో మనిషి మొహం కనపడదు" అని మొదలుపెడతారు. వాళ్ళకి పెరట్లో ఓ పని అప్పజెపితే వాళ్ళుండే ఆరు నెలలూ ఇట్టే గడిచిపోతాయి.

ముందు ఎన్ని మొక్కలన్నది తేల్చుకో. పొట్లం కొన్నవాళ్ళు పొట్లంలో ఉన్న గింజలన్నీ పెట్టేస్తారు. మీ ఆరుగురికి రెండు మొక్కలు చాలు. ఒక్కటే పెడితే మగపువ్వు పూసినరోజు ఆడపువ్వు ఉండకపోవచ్చు, అందుకని రెండు. బాగా కాస్తే ఒక్కో మొక్క సీజన్ మొత్తమ్మీద ఆరు నుంచి పది పౌండ్ల దాకా ఇస్తుంది. అదేమీ పద్ధతిగా రోజుకింత చొప్పున రాదు, జులైలో ఒక్కసారిగా మీద పడుతుంది. మూడో మొక్క పెట్టావంటే అల్లుడుగారు ఆఫీసుకి సంచులు మోసుకెళ్ళాలి. ఈ దేశంలో ఆగస్టు 8వ తేదీ రాత్రి గుట్టుచప్పుడు కాకుండా పక్కింటివాళ్ళ గుమ్మంలో జుకినీ పెట్టి రావడం ఓ సరదా పండగ, తెలుసా? పెన్సిల్వేనియాలో ఓ జంట నవ్వులాటకి మొదలుపెట్టింది. ఆగస్టులో పెరడున్న ఏ ఇంటికెళ్ళినా అందులో నవ్వులాట ఎంతో, నిజమెంతో తెలుస్తుంది.

రకాలు చాలా ఉన్నాయి. బ్లాక్ బ్యూటీ అని ముదురాకుపచ్చ రకం ఏ కొట్లోనైనా దొరుకుతుంది, దండిగా కాస్తుంది. కొస్టాటా రొమనెస్కో అని ఇటలీ రకం ఒకటి, కాయ పొడుగునా గట్లు తేలి ఉంటాయి. కాపు కాస్త తక్కువైనా రుచిలో దాన్ని కొట్టింది లేదంటాను నేను. నువ్వు మాత్రం ఒక మొక్క పసుపు కాయల రకం పెట్టు. గోల్డ్ రష్ లాంటిది. రుచిలో పెద్ద తేడా లేదు, కానీ ఆకుల కింద ఆకుపచ్చ కాయ దాక్కున్నట్టు పసుపు కాయ దాక్కోలేదు. పిల్లల చేత కోయించాలంటే అదే నయం.

దీని పూర్వీకులది మెక్సికో. ఓహాకా ప్రాంతంలో గిలా నకిట్స్ అనే గుహలో దొరికిన గింజల్ని పరీక్షించి, ఈ జాతిని అక్కడి మనుషులు దాదాపు పదివేల ఏళ్ళ కిందటే సాగుచేశారని తేల్చారు. అది సముద్రం దాటి ఐరోపా వెళ్ళి, పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలో మిలాన్ చుట్టుపక్కల ఇప్పుడు మనం చూసే లేతకాయ రూపానికొచ్చింది. ఓ వందేళ్ళ కిందట ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్ళ వెంట మళ్ళీ ఈ ఖండానికే చేరింది. పుట్టింటికి ఇంటిపేరు మార్చుకుని తిరిగొచ్చిన ఆడపిల్లన్నమాట. మా న్యూజెర్సీలో ఇటలీ వాళ్ళు జాస్తి. మా వీధి చివర ఉండే ఇటాలియన్ పెద్దావిడ దగ్గర నేను నేర్చుకున్నవే ఇందులో సగం.

ఇక వేళల సంగతి. మీ కొలంబస్‌లో మే నెల మధ్య దాకా మంచు భయం ఉంటుంది. ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ కాయగానే జనం కొట్ల మీద పడి మొక్కలు తెచ్చేసుకుంటారు, నువ్వు తేకు. మదర్స్ డే వెళ్ళనీ. ఇంకో వారం ఆగినా నష్టం లేదు. మట్టి కనీసం 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రావాలి, 70 అయితే గింజ వారం తిరిగేలోపు తల ఎత్తుతుంది. చల్లటి తడిమట్టిలో పెడితే కుళ్ళిపోతుంది. చూసి చూసి తవ్వితే పొట్టు మిగులుతుంది. కుండీలో నారు పోసి మార్చడం కూడా వద్దు, ఈ గుమ్మడి వంశం మొక్కలు వేళ్ళు కదిపితే అలుగుతాయి. నేరుగా నేలలోనే అంగుళం లోతున రెండు మూడు గింజలు పెట్టు. మొలిచాక బలమైనది ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించు, పీకితే పక్కదాని వేరూ కదులుతుంది. మొక్కకీ మొక్కకీ మూడడుగుల ఎడం. ఇప్పుడు చూస్తే చాలా ఎక్కువనిపిస్తుంది, జులైలో చూస్తే సరిపోలేదనిపిస్తుంది.

మీ వైపు మట్టి బంకమట్టి. కంపోస్టు బాగా కలిపి చిన్న దిబ్బలా చేసి దాని మీద పెట్టు, నీళ్ళు నిలవవు. పచ్చికకి చల్లే ఎరువు మాత్రం దీని దరిదాపులకి రానీకు. ఆకులు గొడుగులంత వస్తాయి, కాయలు రావు. నీళ్ళు వారానికి అంగుళం, అంగుళమున్నర పడాలి, వానతో కలిపి. ఆకుల మీద కాకుండా మొదట్లో పొయ్యాలి, పొద్దున పూటే పొయ్యాలి. ఇది మావగారి పని. రిటైరైన మనిషికి గొట్టం చేతికిస్తే చాలు, వేళకి పనైపోతుంది. నీళ్ళు ఓ రోజు ఎక్కువ, మూడు రోజులు ఎండబెట్టడం అయితే కాయ కొస నల్లబడి కుళ్ళుతుంది. మట్టిలో సున్నం లేక కాదు, నీళ్ళు వరసగా అందక ఆ సున్నం కాయ కొసదాకా చేరకపోవడం. కాబట్టి గుడ్డుపెంకులు చల్లేముందు మావగారి గొట్టం సంగతి కనుక్కో.

నేల వెచ్చబడ్డాక పెట్టిన గింజ యాభై రోజుల్లో కాపుకొస్తుంది. కానీ ముందొచ్చేవి మగపూలు. వారం, పది రోజులు అవే పూసి రాలిపోతుంటాయి. నువ్వు నాకు ఫోన్ చేసి "పెద్దమ్మా, పూలన్నీ రాలిపోతున్నాయి" అంటావు, అది నాకిప్పుడే తెలుసు. కంగారు పడకు. మగపువ్వుకి సన్నటి కాడ ఉంటుంది, ఆడపువ్వు వెనక వేలంత బుజ్జి కాయ ఉంటుంది. పిల్లలిద్దరికీ ఒక్కసారి చూపిస్తే చాలు, తర్వాత వాళ్ళే నీకు చూపిస్తారు.

ఈ పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. మళ్ళీ విచ్చుకోదు. ఆ నాలుగైదు గంటల్లోనే తేనెటీగ రావాలి. ఇక్కడ గుమ్మడిపూల కోసమే బతికే తేనెటీగలున్నాయి, స్క్వాష్ బీలంటారు. మామూలు తేనెటీగలు నిద్ర లేవకముందే అవి పనిలోకి దిగుతాయి. వాటిల్లో మగవి మధ్యాహ్నం ముడుచుకున్న పువ్వు లోపలే పడుకుని నిద్రపోతాయి! వాడిన పువ్వుని రెండు వేళ్ళతో మెల్లిగా నొక్కితే లోపల్నుంచి జుయ్యిమంటుంది. చిన్నదానికి ఇది చూపించు, ఇక ఆ మొక్క దగ్గర్నుంచి అది కదిలితే చూడు.

కొత్త కాలనీల్లో పచ్చిక మీద మందులు కొట్టీ కొట్టీ తేనెటీగలు తగ్గిపోయాయి. పిందె వేలంత ఉండగానే కొస పసుపుపచ్చబడి ముడుచుకుపోతోందంటే కలవలేదని అర్థం. అప్పుడు మనమే కలపాలి. పొద్దున ఆరూ ఏడు మధ్య మగపువ్వొకటి కోసి, రేకులు తీసేసి, మధ్యలో పుప్పొడితో ఉన్న కాడని ఆడపువ్వు లోపల మెత్తగా రాయాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి సరిపోతుంది. ఆ వేళకి నీకు వంటిల్లు, ఆఫీసు హడావుడి. మీ అత్తగారికో, తెల్లవారకముందే మెలకువొచ్చేస్తుంది. ఇది ఆవిడ పని. కాఫీ గ్లాసు పట్టుకుని వెనక తలుపు తీసుకుని వెళ్ళనీ. దేవుడికి పూలెలాగూ కోస్తారు, దీని పువ్వు కలిపినందుకు నాలుగు రోజుల్లో కాయ కనపడుతుంటే ఆవిడే లెక్క రాసుకుంటారు.

ఆకుల మీద వెండి మచ్చలు చూసి తెగులనుకుని మందు కొట్టకు. నరాల వెంబడి పద్ధతిగా ఉండే ఆ తెలుపు చాలా రకాలకి పుట్టుకతో వచ్చిందే, వేలితో రుద్దితే పోదు. రుద్దితే పిండిలా చేతికంటుకుంటే అది బూడిద తెగులు. వేసవి చివర్లో ఎలాగూ వస్తుంది. కింది ఆకులు కత్తిరించి గాలి ఆడనిస్తే ఇంకో నెల లాగుతుంది.

అసలు శత్రువు వేరే ఉంది. పచ్చగా నిగనిగలాడుతున్న మొక్క జులైలో ఓ మధ్యాహ్నం వాలిపోతుంది. నీళ్ళు పోస్తావు, సాయంత్రానికి కాస్త లేస్తుంది. మర్నాడు ఇంకా వాలుతుంది. మూడో రోజుకి పడిపోతుంది. మొదలు దగ్గర వంగి చూస్తే కాండానికో చిన్న రంధ్రం, దాంట్లోంచి రంపం పొట్టు లాంటిది తడితడిగా బయటికొచ్చి ఉంటుంది. అది కాండం తొలిచే పురుగు పని, స్క్వాష్ వైన్ బోరరంటారు. తల్లి పురుగు నారింజ రంగు పొట్టతో కందిరీగలా ఉండి పట్టపగలే ఎగురుతుంది. జూన్ చివర్లోనూ జులైలోనూ కాండం మొదట్లో గోధుమరంగు గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టి పోతుంది. అందుకని జూన్ మధ్య నుంచి మొదలు చుట్టూ రెండంగుళాల ఎత్తున అల్యూమినియం రేకు చుట్టెయ్యి. పూలు వచ్చేదాకా పల్చటి గుడ్డ కప్పి ఉంచొచ్చు, పువ్వు రాగానే తీసెయ్యాలి, లేకపోతే తేనెటీగా రాదు. అయినా పురుగు దూరిందనుకో, మొక్క పోయిందని పీకెయ్యకు. బ్లేడుతో కాండాన్ని అడ్డంగా కాకుండా నిలువునా చీల్చి, లోపల తెల్లటి పురుగుని తీసేసి, ఆ చీలిక మీద తడిమట్టి కప్పి ఒత్తితే అక్కడే మళ్ళీ వేళ్ళు పుట్టుకొస్తాయి. ఈ శస్త్రచికిత్స అల్లుడుగారికిచ్చెయ్యి. మనసు ఒప్పకపోతే పెద్దాడు చేస్తాడు, ఎనిమిదేళ్ళ వాడికి పురుగులంటే పండగ.

ఇంకో ఉపాయం జులై మొదటి వారంలో మరో రెండు గింజలు పెట్టడం. అవి కాండం పట్టేసరికి తల్లి పురుగుల కాలం దాటిపోతుంది. పాత మొక్కలు పడిపోయినా ఆగస్టు చివర నుంచి ఇవి అందుకుంటాయి. ఆకుల అడుగున కంచు రంగు గుడ్లు గుంపుగా ఉంటే అవి వేరే పురుగువి, ప్యాకింగ్ టేపుని తిరగేసి అద్దితే టేపుతో పాటు వచ్చేస్తాయి. ఇది చిన్నదాని పని.

కోత గురించి ఒకటే చెప్తాను. ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, అంతే. ఆగకు. పువ్వు కలిసిన నాలుగైదు రోజులకే ఆ సైజుకొస్తుంది, శనివారం చూసి "రేపు కోద్దాంలే" అనుకుంటే మంగళవారానికి చెయ్యంత అవుతుంది. పెద్దదైతే ఎక్కువ మందికొస్తుంది కదా అని మన లెక్క. ఆ కాయ లోపల గింజ ముదరగానే మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది, కొత్త పిందెలు వెయ్యడం మానేస్తుంది. ఒక ముదురు కాయ నాలుగు లేత కాయల్ని మింగేస్తుందన్నమాట. పొద్దునోసారి, సాయంత్రమోసారి ఆకులెత్తి చూసే బాధ్యత పిల్లలది. ఆకులకీ కాడలకీ నూగు ముళ్ళుంటాయి, పొడుగు చేతుల చొక్కా వేసి పంపించు. కాయని మెలితిప్పి లాగకూడదు, అంగుళం కాడ ఉంచి కత్తితో కొయ్యాలి.

పోయిన ఏడు కాయలోంచి తీసిన గింజలు ఎవరైనా ప్రేమగా ఇస్తే పుచ్చుకో, పెట్టకు. హాలోవీన్‌కి చెక్కే గుమ్మడికాయలూ, అలంకారానికి పెట్టుకునే బుల్లి గుమ్మడికాయలూ అన్నీ ఇదే జాతి. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి తగిలితే ఆ ఏటి కాయకేమీ కాదు, దాని గింజల్లో మాత్రం ఆ సంకరం కూర్చుంటుంది. మరుసటి ఏడు ఆ గింజ మొలిచి కాసిన కాయ చేదు విషం కావచ్చు. కుకుర్బిటాసిన్ అనే పదార్థం వల్ల వచ్చే చేదు అది, ఉడికించినా పోదు, కడుపులో గందరగోళం చేస్తుంది. మీ అమ్మమ్మ ఆనపకాయ తరిగేముందు కొస ముక్క నాలిక మీద పెట్టుకుని చూసేది, గుర్తుందా? చేదుగా ఉన్న ఆనపకాయ రసం తాగొద్దని తర్వాతెప్పుడో ఐసీఎంఆర్ కూడా చెప్పింది. జుకినీకీ ఆ అలవాటే పెట్టుకో. కొస నాకి చూడు. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారెయ్యి, ఉప్పు రాసి పిండితే పోతుందిలే అనే సలహా వినకు.

మీ కాయలు రావడానికి జులై దాకా పడుతుంది, ఈలోపు బజారులో కొంటావు. పెద్దవి చూసి మోజు పడకు. చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువుండాలి. తొక్క నిగనిగలాడాలి, గోరు ఆనిస్తే దిగాలి. నేను ముందు చూసేది కాడ కొస. తడిగా, లేతాకుపచ్చగా ఉంటే నిన్నో మొన్నో కోసింది. ఎండి గోధుమరంగుకి తిరిగి ముడుచుకుంటే దూరప్రయాణం చేసొచ్చింది. పువ్వు ఉన్న కొస మెత్తబడితే లోపల కుళ్ళు మొదలైనట్టే. ఒంటి మీద చిన్న గీతలుంటే ఫరవాలేదు, లేత తొక్కకి గీతలు పడకుండా ఎవరి తరం? జూన్ చివరి నుంచీ ఫార్మర్స్ మార్కెట్‌కి పొద్దున్నే వెళితే పువ్వుతో సహా ఉన్న చిన్నకాయలు దొరుకుతాయి, అవి కనపడితే బేరమాడకు. ఇంటికి తెచ్చాక కడగకుండా, గాలి ఆడే సంచిలో కూరగాయల అరలో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడెయ్యి. మరీ చల్లగా ఎక్కువ రోజులుంటే తొక్క మీద గుంటలు పడతాయి.

ఇక వంట. మనవాళ్ళు దీన్ని బీరకాయలా అనుకుని మూతపెట్టి మగ్గబెడతారు, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో గుజ్జు మిగులుతుంది. "ఇదేం కూరగాయ, రుచీ పచీ లేదు" అంటారు. తప్పు దానిది కాదు. నూటికి తొంభై అయిదు వంతులు నీళ్ళున్న కాయ ఇది. ఆ నీళ్ళు కావాలా వద్దా అన్నది పొయ్యి వెలిగించేముందే తేల్చుకుంటే సగం వంట అయిపోయినట్టే.

వద్దనుకుంటే వేపుడు. తొక్క తియ్యకు. అరంగుళం మందాన ముక్కలు కొయ్యి, సన్నగా తరిగితే నలిగిపోతాయి. వెడల్పాటి పెనం బాగా కాలనిచ్చి నూనె వేసి, ముక్కలు ఒక్క వరసలో పరుచు. ఒకదాని మీద ఒకటి పడితే వేగవు, ఉడుకుతాయి. మంట పెద్దదే ఉండాలి, మూత వద్దు, ఉప్పు ఇప్పుడే వద్దు. రెండు మూడు నిమిషాలు గరిట పెట్టకుండా వదిలేస్తే అడుగు బంగారం రంగుకి తిరుగుతుంది, అప్పుడొక్కసారి తిప్పు. వేరే చిన్న మూకుడులో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి వేయించి దాని మీద పోసి, దించబోయే ముందు ఉప్పూ కారమూ నువ్వుల పొడీ చల్లు. ఉప్పు ముందే వేశావో, అదే కాయలోంచి నీళ్ళన్నీ లాగి బయట పోస్తుంది. ముక్క కొరికితే పలకాలి. ఇంకో నిమిషం ఉంచుదామనిపించినప్పుడే దించెయ్యి.

నీళ్ళు కావాలనుకుంటే పాలు పోసిన కూర. ఆనపకాయతో మీ అత్తగారు చేసేదే. ఇక్కడ ఉప్పు ముందే వెయ్యి, మూత పెట్టు, చుక్క నీళ్ళు పొయ్యకు. అల్లం, పచ్చిమిర్చి వేసి ఆ నీళ్ళలోనే అయిదారు నిమిషాలు ఉడకనిచ్చి, మంట తగ్గించి, అరగ్లాసు పాలల్లో చెంచాడు బియ్యప్పిండి కలిపి పోసి, ఒక్క పొంగు రాగానే ఇంగువ పోపు పెట్టి దించెయ్యి. ఆవిడ చేత చేయించు, "ఇది మన ఆనపకాయ చెల్లెలే, అత్తయ్యా" అని మొదలెట్టు. కొత్త కూరగాయని చూసి మొహం తిప్పుకునేవాళ్ళకి తెలిసిన వంటతోనే పరిచయం చెయ్యాలి.

పచ్చడి మాత్రం నేను చెప్పినట్టు చెయ్యి. రెండు మధ్యరకం కాయలు, ఆరేడు పచ్చిమిర్చి, చిన్న ఉసిరికాయంత చింతపండు. చెంచా చొప్పున మినప్పప్పు, శనగపప్పు, నువ్వులు కమ్మటి వాసనొచ్చేదాకా వేయించి తీసి పక్కన పెట్టు. అదే మూకుట్లో ముక్కలూ మిర్చీ వేసి, వచ్చిన నీళ్ళన్నీ ఇగిరి అంచులు నల్లబడేదాకా వేయించు, వంటలో ఈ ఒక్కచోటే తొందర పడకూడదు. చల్లారాక ముందు పప్పులూ చింతపండూ ఉప్పూ బరకగా తిప్పి, ముక్కలు చివర్లో వేసి మిక్సీ ఒక్కసారి అని ఆపెయ్యి. వేడన్నంలో నెయ్యితో పెడితే, ఇదేం కాయతో చేశావని మావగారు అడుగుతారు. అన్నం కలుపుకోవడం అయ్యాక చెప్పు.

పప్పులోకైతే కందిపప్పుతో పాటు కుక్కర్లో పడెయ్యకు, ఆనవాలు దొరకదు. పప్పు ఉడికాక ముక్కలు వేసి అయిదు నిమిషాలు. సాంబారులో అసలు వెయ్యకు. నూడుల్స్‌లా తురిమే యంత్రం కొనాలని నీకు బుద్ధి పుడుతుంది, పుట్టనీ, కొనకు.

ఎంత కాపలా కాసినా ఒకటో రెండో ఆకుల కింద దాక్కుని మోచెయ్యంత అవుతాయి. వాటికి సర్వపిండి ఉంది. తెలంగాణలో ఆనిగెపుకాయ తురిమి చేస్తారు కదా, అదే పద్ధతి. ముదురు తొక్కా గింజలూ తీసేసి తురిమి, ఉప్పు కలిపి పది నిమిషాలు వదిలెయ్యి. నీళ్ళూరతాయి. ఆ నీళ్ళతోనే బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలుపు, పైనుంచి నీళ్ళు పొయ్యాల్సిన పని ఉండదు. నూనె రాసిన మూకుట్లో పల్చగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి మూతపెట్టి చిన్నమంట మీద కాల్చు. చిల్లులు పెట్టే పనికి పిల్లలు కొట్టుకుంటారు, చెరో మూకుడూ ఇచ్చెయ్యి. ఇంకా మిగిలితే తురిమి, రెండు నిమిషాలు ఆవిరి పట్టి, పిండి, గ్లాసు కొలతన సంచుల్లో ఫ్రీజర్లో పెట్టు. జనవరిలో పెసరట్టు పిండిలోకి పనికొస్తుంది. ఆవకాయలా ఏడాది నిల్వ పెడదామని మాత్రం చూడకు, ఇన్ని నీళ్ళున్న కాయ నిలవదు, బూజెక్కుతుంది. దోసావకాయలా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి వారంలో తినెయ్యడం వేరు.

పూల సంగతి మర్చిపోయాను. కాయకి అక్కర్లేని మగపూలు బోలెడు పూస్తాయి. రెండు మూడు కలపడానికి ఉంచి మిగతావి పొద్దున్నే కొయ్యి. లోపల ఎవరూ నిద్రపోవట్లేదని చూసి, మధ్య కాడ తీసెయ్యి. మా ఇటాలియన్ పెద్దావిడ లోపల జున్ను కూరి పల్చటి పిండిలో ముంచి వేయిస్తుంది. ఒడిశాలో గుమ్మడిపూలకి బియ్యప్పిండి పట్టించి వేయించినట్టే ఉంటుంది. నేను శనగపిండిలో గుప్పెడు బియ్యప్పిండి, వాము కలిపి బజ్జీలేస్తాను. వేసిన వెంటనే తినాలి, అందరూ వచ్చాక తిందామంటే మెత్తబడతాయి. నిలబడే తినండి.

ఈ కవర్లో మూడు పొట్లాలున్నాయి. ఒకటి రొమనెస్కో, ఒకటి పసుపు రకం. మూడోది ట్రాంబొంచీనో అని లిగూరియా రకం, ఆ పెద్దావిడ ఇచ్చింది. ఇది జుకినీ జాతి కాదు, మన తీపి గుమ్మడి జాతి. కాండం గట్టిగా ఉంటుంది కాబట్టి తొలిచే పురుగు దీని జోలికి అంతగా రాదు. తీగ పదిహేనడుగులు పాకుతుంది, పందిరి కావాలి. లేతగా అడుగు పొడుగున కోస్తే జుకినీలాగే వండుకోవచ్చు. డెక్ పక్కన పందిరి వెయ్యమని మావగారితో అను, ఆనపతీగకి ఎన్ని వేసి ఉంటారో ఆయన.

అల్లుడుగారికి ఆశీస్సులు, పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
పెద్దమ్మ.

తా.క.: మీ అత్తగారు కొంగున ముడేసుకుని ఊరి ఆనప గింజలు తెచ్చేస్తారేమో, ముందే ఫోన్ చేసి వద్దని చెప్పు. వేరే దేశం నుంచి విత్తనాలు తేవాలంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. చెప్పకుండా దాచి తెస్తే జరిమానా కూడా. ఆనప గింజలు ఇక్కడే నా దగ్గరున్నాయి, పంపిస్తాను. ఆవిడని ఇంగువ తెమ్మను.